సూది తీశాక వేసే ముడి

జనవరి 6, సోమవారం

చెంప ఇంకా మండుతోంది. నిన్న తమ్ముడు విసిరిన కప్పు నాకు తగల్లేదు, గోడకు తగిలింది. పెంకు ఒకటి ఎగిరొచ్చి గీరింది, అంతే. ల్యాబ్‌లో అడిగినవాళ్లకు ఎలుక గీరిందని చెప్పాను. ఎలుక చెంపదాకా ఎలా ఎక్కిందని నత్త అడగబోయి మానుకుంది. నత్త అని పేరు పెట్టింది నేనే. నాతో పాటే ఈ ఆపరేషన్ నేర్చుకుంది. నేను వరసంతా ముగించి చేతులు కడుక్కునేసరికి ఆ మహాతల్లి ఇంకా మొదటి ఎలుక బొచ్చు గొరుగుతూ ఉంటుంది.

తమ్ముడు తెల్లారగానే లారీ డిపోకు పోయాడు. పోతూ పోతూ వీధితలుపును ఒక్క తన్ను తన్ని మరీ పోయాడు. గుండె సగం కూడా పనిచేయని మనిషి కాలికి అంత బలం ఎక్కడిదో! మళ్లీ శనివారం సాయంత్రం దిగబడతాడు. అందాకా వాడు డిపో పక్క గదిలో, నేను ఇక్కడ ప్రశాంతంగా.

ఈరోజు తెల్లమూత పంజరాల్లోని ఎలుకలు. సోమవారాలన్నీ తెల్లమూతలే, గురువారాలన్నీ నీలిమూతలే. నీలిమూత వాటికి చర్మం కింద మందు నింపిన గొట్టం పెడతాం, తెల్లమూత వాటికి ఉత్త గొట్టం. కలిపిన మందు మర్నాటికల్లా ఎలుక ఒంట్లోకి చేరకపోతే పాడైపోతుంది. కలిపే ఆయన బుధవారమే కలుపుతాడు. అందుకని ఈ ఏర్పాటు. ఆలోచన నాదే. ల్యాబ్ పెద్దాయన భేష్ అన్నాడు.

మెడ కింద ఎముక చీల్చడం, రెండు పక్కలకూ లాగి పట్టడం, గుండెలోంచి బయటికొచ్చే పెద్ద నాళం కిందనుంచి పట్టుదారం దూర్చడం. నాళం మీద మొద్దు సూది ఆనించి, రెండిటినీ కలిపి ఒక ముడి. సూది లాగెయ్యడం. ముడి జారకుండా దానిమీద ఇంకో ముడి. ఇక ఆ నాళంలో మిగిలేది సూదంత సందు. గుండె ఆ సందుకు ఎదురు కొట్టుకోవాలి. కొట్టుకుని కొట్టుకుని ముందు కండ పెంచుతుంది, తర్వాత సాగిపోయి వదులు సంచి అవుతుంది. నాన్నకు అలాగే అయింది. తమ్ముడికి అవుతోంది. వాళ్లకు ముడి వేసినవాళ్లెవరూ లేరు, పుట్టుకతో వచ్చింది.

ఈరోజు ముడులు అద్భుతంగా పడ్డాయి. దారం వేళ్లను కోసేంత గట్టిగా లాగాను. చివరిదాని గుండె నా కళ్లముందే ఉబ్బింది. మనసు కాస్త తేలికపడింది.

జనవరి 9, గురువారం

నీలిమూతలు. ఒక్కటీ చావలేదు. పనిచేస్తున్నంతసేపూ కూనిరాగం తీశానట, నత్త చెప్పింది. ఇంట్లో ఎవడూ లేకపోతే పట్టే నిద్రే వేరు.

జనవరి 12, ఆదివారం

కూరలో ఉప్పు లేదని మొదలుపెట్టాడు.

"నీకు ఉప్పు వద్దన్నార్రా డాక్టర్లు."

"నాకు వద్దన్నారు. కూరకేం రోగం?"

నవ్వొచ్చింది. నవ్వితే లోకువైపోతానని మొహం గంటు పెట్టుకున్నాను. వాడు లేచి వంటింట్లోకెళ్లి, డబ్బాలోంచి గుప్పెడు ఉప్పు అరచేతిలో పోసుకొచ్చి, నా ఎదురుగా కూర్చుని, నా కళ్లలోకి చూస్తూ నాకడం మొదలుపెట్టాడు. పిల్లి పాలు తాగినట్టు, తీరిగ్గా.

అరికాలి మంట నెత్తికెక్కింది. గరిటెతో కొట్టాను. చేతిమీదే. ఉప్పు కింద పోవాలని. మణికట్టు ఎముక చప్పుడైంది. వాడు నా జుట్టు పట్టుకుని గోడకేసి ఒకసారి, మళ్లీ ఒకసారి. మూడోసారికి వాడి చెయ్యి వదులైపోయింది. కిందకు జారి కూర్చున్నాడు. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. ఊపిరి ఈల వేస్తున్నట్టు వస్తోంది.

నేను దిండ్లు తెచ్చి వీపు వెనక పెట్టాను. కిటికీ తెరిచాను. ఇలా అయినప్పుడు మాత్రం ఇద్దరం ఏమీ మాట్లాడుకోం. వాడి చేతిలో ఇంకా నాలుగు ఉప్పు పలుకులు అంటుకుని ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచాను.

నాన్న గుండె తనకొచ్చిందని, నాన్న చెయ్యి నాకొచ్చిందని వాడంటూ ఉంటాడు. అబద్ధం. నాన్న కారణం లేకుండా కొట్టేవాడు.

జనవరి 13, సోమవారం

తెల్లమూతలు. రెండు బల్లమీదే పోయాయి. ఒకదానికి ముడి దగ్గర నాళం పుటుక్కున తెగి నెత్తురు నా కళ్లద్దాలమీదికి చిమ్మింది. దారం రకం మారినట్టుంది. స్టోరు అతన్ని నలుగురిలో పెట్టి దులిపేశాను. అతను బిక్కమొహం వేశాడు. వేయనీ.

జనవరి 16, గురువారం

నీలిమూతలు. అన్నీ బతికాయి. దారం అదే.

జనవరి 20, సోమవారం

ముడి దగ్గర నెత్తురు ఎంత జోరుగా పోతోందో స్కాన్ మెషిన్‌తో ఒక్కొక్క ఎలుకకూ కొలుద్దామని నత్త సలహా. అన్నీ ఒకే బిగువున ఉన్నాయో లేదో తెలియాలట.

"సూది ఒకటే కదా?" అన్నాను.

"సూది ఒకటే."

"మరింకేం? ఒకే సూదిమీద కట్టిన ముడులు ఒకేలా ఉండక చస్తాయా? పని పెంచకు తల్లీ, నీ వేగానికి ఉన్న పనే వచ్చే జన్మ దాకా పడుతుంది" అన్నాను. అందరూ నవ్వారు. నత్త కూడా నవ్వింది. దానికి సిగ్గు తక్కువ.

పెద్దాయన నా పక్షమే. ఆయనకు తొందర. గుండెలోని ఒక ఎంజైమ్ వెనకాల ఆయన జుట్టంతా నెరిసింది. గుండెమీద బరువు పడగానే కణాల్లో అది లేస్తుంది, గుండె గట్టిగా కొట్టుకోవడానికి సాయం చేస్తుంది. బరువు దిగాక పడుకోవాలి. పడుకోదు. లేచిందంటే లేచిందే, ఇక గుండెను లోపల్నుంచి తినేస్తుంది. మేం దాన్ని మొండిస్విచ్ అంటాం. మా మందు దాన్ని ఆర్పాలి. ఆర్పుతుంది.

కుడి మోచెయ్యి కమిలి ఉంది. నిన్నటిది.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఆర్పింది!

పొద్దుట్నుంచి కోస్తూనే ఉన్నాను. తలలు తెంచడం, గుండెలు తీసి ఉప్పునీళ్లలో కడగడం, తూచడం. తెల్లమూత గుండెలు ఉబ్బి, పాలిపోయి, పట్టుకుంటే జావ కారేలా ఉన్నాయి. ఊపిరితిత్తుల నిండా నీళ్లు. నీలిమూత గుండెలు? చిన్నగా, ఎర్రగా, బిగువుగా. పక్కపక్కన పెడితే గుడ్డివాడు తడిమినా తేడా చెప్పేస్తాడు. పెద్దాయన ట్రే ముందుకు వచ్చి నిలబడ్డాడు. తర్వాత నెత్తురు చేతొడుగుతో ఉన్న నా కుడిచేతిని అలాగే పట్టుకున్నాడు.

"ఈ చేతికి బంగారు కడియం చేయించాలమ్మా" అన్నాడు.

ఏడుపొచ్చింది. బాత్రూంలోకెళ్లి ఏడ్చాను. నాన్న పోయినప్పుడు కూడా నేనింతగా ఏడవలేదు.

నాళాలతో సహా గుండెలన్నీ కుళ్లకుండా మందునీళ్ల సీసాల్లో పెట్టి బీరువాలోకి ఎక్కించాం.

ఫిబ్రవరి 16, ఆదివారం

నిన్న వాడికి స్కాన్ తీశారు. గుండె పనితనం కిందటిసారి కన్నా తగ్గింది. లారీ మానెయ్యమన్నారు, గుండె మార్పిడికి పేరు నమోదు చేయించుకోమన్నారు. వాడు ఆ కాగితాన్ని బాణంలా మడిచి డాక్టరు బల్లమీదికే వదిలాడు. బయటికొచ్చాక వీధిలోనే వాడి వీపుమీద ఒక్కటిచ్చాను. జనం చూశారు. చూడనీ.

ఎలుకల్లో పనిచేసిన మందు మనుషులదాకా రావడానికి పదేళ్లు పడుతుంది. అంత టైము వాడికి లేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఎలుక బరువుకెంతో మనిషి బరువుకెంతో లెక్కగట్టాను. గుళికల్లో నింపాను. ల్యాబ్ ఫ్రిజ్‌లో మిగిలిపోయిన, ఇంకా కలపని పొడి. ఎలాగూ పారబోసేదే, దొంగతనం కాదు.

"ఇదేంటి?"

"నా మందు. నేను తయారుచేసింది. పాతవి ఆపెయ్."

"ఆపితే చస్తానని కదక్కా ఆ స్కాన్ డాక్టరు అన్నాడు?"

"రెండూ కలిపి మింగితే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుందిరా?"

"ఎవరికి తెలియాలి?"

"నాకు."

వాడు గుళికను వెలుతురుకు ఎత్తి చూశాడు. "మొత్తానికి నన్ను కూడా ఎలుకను చేశావు."

"ఎలుకలు నీలా వాగవు."

మింగాడు. పాత మాత్రల పట్టీలు నేనే చెత్తబుట్టలో వేశాను. ఒక ప్రయోగంలో ఒక్కటే మార్చాలి. చదువుకున్న ప్రతివాళ్లకూ తెలిసిన విషయమే ఇది.

మార్చి 9, ఆదివారం

వాడికి మగత పోయింది! పాత మాత్రలు వేసుకున్నప్పుడు స్టీరింగుమీదే తూలేవాడు. ఇప్పుడు కళ్లు నిగనిగలాడుతున్నాయి. మెట్లు ఆగకుండా ఎక్కాడు. నన్ను నడుం దగ్గర పట్టుకుని అమాంతం ఎత్తి గిర్రున తిప్పి, "ఎన్ని ఎలుకల బరువున్నావే నువ్వు!" అన్నాడు. దింపరా వెధవా అని నెత్తిమీద మొట్టాను. వాడు ఊపిరాడక కాదు, నవ్వు ఆపుకోలేక కూర్చున్నాడు.

ఈ ఆదివారం మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ కొట్టలేదు.

మార్చి 10, సోమవారం

తెల్లమూతలు. అన్నీ బతికాయి. రెండో విడతలో సోమవారాలకు కూడా కూనిరాగం అంటుకుందని నత్త ఎగతాళి చేసింది.

మార్చి 18, మంగళవారం

ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతి రెండు వేళ్లు విరిగాయి. గాలికి తలుపు కొట్టుకుంది.

మార్చి 20, గురువారం

గాలి కాదు. వాడు.

ఒంట్లో బాగుంది కదాని దూరప్రయాణం లారీ ఒప్పుకున్నాడు. వారం పొడుగునా రోడ్డుమీదే, సరుకు దించడం కూడా వీడే. ఆదివారం నేను వద్దన్నాను. బతిమాలాను. "నీ మందు పనిచేస్తోందన్నావు కదా, మరి భయమెందుకు?" అన్నాడు. మాటకు మాట పెరిగింది. వాడు బయటికి నడిచాడు. నేను ఆపడానికి చెయ్యి అడ్డం పెట్టాను. వాడు తలుపు వేశాడు. వేళ్లు సందులో ఉన్నాయని తెలిసీ వేశాడు. నా అరుపు విన్నాక కూడా ఒక క్షణం నొక్కిపట్టే ఉంచాడు.

ఆస్పత్రికి తీసుకెళ్లింది వాడే. దారంతా ఏడ్చాడు. ఏడిస్తే ఎముకలు అతుక్కుంటాయా?

మూడో విడత ఎలుకలన్నీ నత్తకు అప్పజెప్పారు. తెల్లవీ నీలివీ అన్నీ దాని చేతిలోనే. పెద్దాయన "నిదానమే కానీ జాగ్రత్త మనిషి" అంటున్నాడు. నన్నెప్పుడైనా అలా అన్నాడా?

మార్చి 30, ఆదివారం

వాడి బూట్లు బిగుతయ్యాయట. చవకరకం కొంటే అంతే. తిట్టాను.

ఏప్రిల్ 6, ఆదివారం

మంచం ఎక్కడం లేదు. కుర్చీలో కూర్చునే నిద్రపోతున్నాడు. లారీలో అలవాటైపోయింది పాపం. మందు గుళికలు కొంచెం పెద్దవి చేశాను.

ఏప్రిల్ 13, ఆదివారం

దగ్గు. డిపోలో దుమ్ము.

ఏప్రిల్ 20, ఆదివారం

రాలేదు. ఫోన్ చేస్తే, లోడు దూరం ఉందన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుని మరీ చెప్పాడు ఆ ఒక్క మాట. సిగ్నల్ సరిగ్గా లేదు.

ఏప్రిల్ 26, శనివారం

రాయాలి. ఎడమచేత్తోనైనా సరే, అంతా రాయాలి. ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

గురువారం నత్త చేసిన ఎలుకలను కోశారు. కట్టు ఉన్న చేత్తో నేను పక్కన నిలబడ్డాను. తెల్లమూత గుండె ఉబ్బింది. నీలిమూతదీ ఉబ్బింది. ఇంకో తెల్లది, ఇంకో నీలిది. ఊపిరితిత్తులు చూస్తే రెండు రకాల్లోనూ నీళ్లు. చివరిదాకా అంతే. తేడా లేదు. ఆవగింజంత కూడా లేదు. నా మందు నీళ్లతో సమానం.

నాకు ఒళ్లు తెలియలేదు. "ఏం కట్టావే నువ్వు? గొడ్లకు పలుపు తాళ్లు కట్టుకో పో, నీకెందుకు ఈ పని!" అని అరిచాను. పెద్దాయన ఏదో అంటున్నాడు. నా చేతికి అందింది స్టీలు ట్రే. విసిరాను. నత్త నుదురు చిట్లింది. కనుబొమ్మ మీదుగా నెత్తురు కారి గడ్డం దగ్గర చుక్కలు కట్టింది.

అది తిట్టలేదు, ఏడవలేదు. దూది తీసుకుని నుదుటికి అదుముకుంది. ఇంకో చేత్తో బీరువా తెరిచి, నా సీసాలు ఒక్కొక్కటే దించి బల్లమీద పెట్టింది.

"తేడా మందులో ఉందో, చేతిలో ఉందో చూద్దాం" అంది.

ఆ మొద్దు సూదే. నా తెల్లమూత గుండె ఒకటి బయటికి తీసి, దారం చుట్టిన చోట సూది దూర్చింది. దూరలేదు. నెట్టింది. సూది పక్కకు జారింది. ఇంకో తెల్లది. దూరలేదు. నా నీలిమూత గుండె తీసింది. సూది ఇట్టే దూరి, అటూ ఇటూ కదిలింది. ఇంకో నీలిది కూడా అంతే. తర్వాత తను కట్టినవి తీసింది. తెల్లవైనా నీలివైనా సూది సరిగ్గా పట్టీ పట్టనట్టు దూరింది.

"ఒకే సూది కదా" అన్నాను.

"సూది మొదటి ముడికే కాపలా. రెండోది వేసేటప్పటికి సూది బయటుంటుంది. అప్పుడు నువ్వు ఎంత లాగితే కింది ముడి అంత బిగుస్తుంది. నీ తెల్లవి అంతలా ఉబ్బింది మందు లేక కాదు, నువ్వు ఉరి బిగించావు. నీలివి బాగున్నది మందు వల్ల కాదు, నువ్వు వదులుగా కట్టావు."

"సోమవారమైనా గురువారమైనా నా చెయ్యి ఒకటే."

"నీ చెంపమీద ఎలుక గీరింది సోమవారమే. మోచెయ్యి కమిలి వచ్చిందీ సోమవారమే. నువ్వు ఇంట్లోంచి ఎలా వస్తావో ఇక్కడందరికీ తెలుసు, ఎవరూ అడగం" అంది నత్త. చివరికి రెండో విడతలో ఇంకా తూచకుండా పక్కన పెట్టిన మార్చి పది నాటి తెల్లమూత సీసా తెరిచింది. ఎవరూ ఎవర్నీ కొట్టని ఆదివారం మర్నాటిది. సూది దూరింది.

పెద్దాయన స్టూలుమీద కూలబడ్డాడు. "పంపించేశాను. జర్నల్‌కు పేపరు పంపించేశాను" అని గొణిగాడు. తర్వాత తలెత్తి నా చేతిమీది కట్టు చూస్తూ, "ఆ చెయ్యి నరకాలి" అన్నాడు. నేను వినలేదు. విన్నాను కానీ, అప్పటికి నాకు కనబడుతున్నది ఎలుకలు కాదు. బిగుతైన బూట్లు. కుర్చీలో నిద్ర. దగ్గు. గుండె ఓడిపోతోందనడానికి ఇవే లక్షణాలని నేను కాలేజీ తరగతిలో పిల్లలకు వరసగా చెప్పి పరీక్షలో రాయిస్తాను. మాత్రలు ఆపించి రెండు నెలలు కావస్తోంది.

అట్నుంచి అటే డిపోకు పరిగెత్తాను. వాడు లారీ చక్రానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం బూడిదరంగు. పాదాలు బూట్లలోంచి పొంగి వచ్చాయి. లే, ఆస్పత్రికి పోదాం అన్నాను. లోడు దించితే కానీ రానన్నాడు. కాలర్ పట్టుకుని లాగాను. వాడు నన్ను తోశాడు. నేను మళ్లీ పట్టుకున్నాను. వాడి గుద్దు నా పక్కటెముకల్లో దిగింది. నేను కట్టున్న చేత్తోనే వాడి మొహంమీద కొట్టాను. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. డ్రైవర్లు చుట్టూ మూగి మా ఇద్దర్నీ విడదీశారు.

"మందు పనిచేయదురా!" అని అరిచాను. "ఆదివారం నీమీద కోపమంతా సోమవారం వాటి పీకలకు బిగించాను. అందుకే చచ్చాయి. మందు ఉత్తిదిరా. నీకిచ్చింది ఉత్త పొడి!"

అర్థమైంది వాడికి. ఎప్పుడూ నాకన్నా వాడికే ముందు అర్థమవుతుంది.

"అంటే, నేను ఉప్పు నాకినందుకు... ఎలుకలు చచ్చాయా?" అని నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. నోట్లోంచి గులాబీరంగు నురగ వచ్చింది. అలాగే పక్కకు ఒరిగిపోయాడు.

మీసాల డ్రైవరొకాయన మమ్మల్ని ఇద్దర్నీ ఎత్తి బండిలో పడేసి తెచ్చాడు.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ అడిగింది: "ఏం మందులు వాడుతున్నాడు?"

చెప్పకుండా ఉండొచ్చు. ఆ ఆలోచన వచ్చింది. రాయాలి కాబట్టి రాస్తున్నాను, వచ్చింది. రెండు క్షణాలు నిలబడింది కూడా.

"ఏమీ వాడటం లేదు. పాతవి ఆపేశాడు. ఇంకా మనుషులకు వాడని ఒక పొడి మింగుతున్నాడు. ఎంత మోతాదో నాకు తెలుసు, చెప్తాను."

"ఎవరు ఆపమన్నారు?"

"నేను."

"మీరు డాక్టరా?"

"ఎలుకలకు" అన్నాను.

ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. "తప్పుకోండి" అంది. గొట్టాలు, సూదులు, వాడి చొక్కా కత్తిరించే చప్పుడు. రొమ్ముమీద కరెంటు పెట్టారు. వాడి ఒళ్లు బల్లమీద ఎగిరిపడింది. బల్లమీద ఒంటిని అలా నిశ్చింతగా చూడటం నాకు రోజూ అలవాటైన పని. ఈసారి చూడలేకపోయాను.

ఇంకొకటి రాయాలి. ఆ తలుపు విషయం. నేను ఆపడానికి చెయ్యి పెట్టలేదు. బయటికెళ్తున్న వాడి వీపుమీద కుక్కర్ మూతతో రెండుసార్లు కొట్టాను. మూడోసారి కొట్టడానికి చెయ్యెత్తితే వాడు తలుపు వేసుకున్నాడు. ముందు కొట్టింది నేను. చాలాసార్లు ముందు కొట్టింది నేనే. కారణం ఉండేది. నాన్నకు కూడా ఉండేదేమో, ఆయన లెక్కలో.

ఏప్రిల్ 27, ఆదివారం

బతికున్నాడు.

ఏప్రిల్ 30, బుధవారం

నోట్లో గొట్టం తీశారు. మాట రాదు. నేను దగ్గరికెళ్లాను. కుడిచెయ్యి ఎత్తాడు. నాకు తెలుసు ఎందుకెత్తాడో. మంచంమీదికి వంగి చెంప ఇచ్చాను. కొట్టాడు. కొట్టడానికి బలం లేదు. వేళ్లు చెంపకు ఆనుకుని, కిందకు జారిపోయాయి. ఇన్నేళ్లలో మా ఇంట్లో అంత మెల్లగా పడిన దెబ్బ లేదు. అన్నిటికన్నా అదే నొప్పి పుట్టింది.

మే 2, శుక్రవారం

ల్యాబ్‌కు రావద్దన్నారు. విచారణ ఉంటుందట. ఉండాలి. పెద్దాయన పేపరు వెనక్కి తీసుకున్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. నత్త వచ్చింది. నుదుటిమీద కుట్లు. ఆ కుట్లు చూస్తూ క్షమించమని అడిగాను. "క్షమించడానికి కూడా టైము పడుతుంది, నా సంగతి తెలుసు కదా, నేను నత్తను" అంది. పళ్లు తెచ్చింది. వెళ్తూ, ముడి దగ్గర నెత్తురు వేగం ఇకనుంచి ప్రతి ఎలుకకూ కొలుస్తున్నామని చెప్పింది. ఆ మందు సంగతి మాత్రం ముగిసిపోయిందట.

మే 12, సోమవారం

ఈరోజు ఇంటికి పంపించారు. పాత మాత్రలే, మళ్లీ మొదట్నుంచి. రెండు నెలల్లో పోయిన గుండె తిరిగి రాదని డాక్టరమ్మ వాడి ముందే చెప్పింది. నన్ను చూడకుండా చెప్పింది. లారీ లేదు. మెట్లు లేవు. మార్పిడి వరసలో పేరు చేర్చారు. ఈసారి కాగితాన్ని వాడు బాణం చేయలేదు.

ఆస్పత్రిలోంచి బయల్దేరేముందు మంచం అంచున కూర్చున్నాడు. బూట్లు వేసుకోవడానికి వంగాడు, ఊపిరి అందక మళ్లీ పైకి లేచాడు. రెండోసారి కూడా అంతే. నేను కింద కూర్చుని కాలు నా ఒళ్లో పెట్టుకున్నాను. పాదం ఇంకా వాచే ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపు అలాగే ఉండిపోతోంది. బూటు ఎక్కించాను. నా రెండు వేళ్లూ వంకరగా అతుక్కున్నాయి, లేసు సరిగ్గా పట్టుబడటం లేదు. మొదటి ముడి వేశాను.

"గట్టిగా కట్టావంటే తంతాను" అన్నాడు.

లేసుకీ పాదానికీ మధ్య నా వంకరవేలు పెట్టాను. దాన్ని అక్కడే ఉంచి రెండో ముడి వేశాను. వేలు తీసి, మళ్లీ దూర్చి చూశాను. దూరింది.

రెండో బూటు అందుకున్నాను.